చీనీ తోటలో రెండు ఫోటోలు

నా రామకోటి పుస్తకంలో రెండు ఫోటోలు దాచుకున్నాను. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నవి. చుట్టూ తెల్ల అంచు ఉంటుంది. కెమెరా పొట్టలోంచి అప్పటికప్పుడే బయటికి వచ్చినవి. రెండింటిలోనూ ఒకే పెద్దాయన, ఒకే చీనీ చెట్టు కింద, అదే బత్తాయి చెట్టు కింద నిలబడి ఉన్నాడు. మొదటి ఫోటోలో నెరిసిన జుట్టు, బుగ్గల మీదికి పాకిన మీసం, చేతిలో తువ్వాలు. రెండో ఫోటోలో ఆ తువ్వాలు తలకు చుట్టి ఉంది. మీసం మాత్రం అదే. చూసినవాళ్లెవరైనా రెండూ ఒకే పూట తీశారనుకుంటారు. అట్లా అనుకోవాలనే ఆ రోజు మేమందరం అంత అవస్థ పడ్డాం. నిజానికి వాటి మధ్య నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజులకూ మొదట్లో నేను చేసిన తప్పు ఒకటి ఉంది.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలి ఎముకకు జబ్బు చేసి నాలుగైదేళ్లు మంచం దిగలేదు. మా అమ్మ ప్రొద్దుటూరులో బట్టల అంగళ్లకు జాకెట్లు, లంగాలు కుట్టేది. మిషను పక్కనే నా మంచం. కొలతలు గీసే సుద్దతో నల్ల లంగా గుడ్డ మీద అ, ఆలు రాసి చూపించేది. నేను వాటి మీద దిద్దాక, దులిపేసి ఆ గుడ్డనే కత్తిరించేది. నా చదువంతా ఎవరెవరి లంగాల్లోనో కుట్టేసి ఉందని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

కాలు బాగయ్యేసరికి బడి వయసు దాటిపోయింది. అమ్మతో పాటు కుట్టుపని, తీరిక దొరికితే రామకోటి. గడికి ఒక నామం చొప్పున రాసి రాసి నా అక్షరం ఆవగింజంత అయింది, వరస తప్పకుండా కుదిరింది. నేను అడగకుండానే ఆ అక్షరం నన్ను సినిమాలోకి తీసుకుపోయింది.

మూడేళ్ల కిందటి మాట. బట్టల వీధిలో మా మేనమామ అంగడి ఉంది. దాని వెనక గదిలో చీరలకు ఫాల్ కుట్టుకుంటూ కూర్చున్నాను. జమ్మలమడుగు అబ్బాయి ఒకతను వచ్చాడు. హైదరాబాదులో చాలా ఏళ్లు అసిస్టెంటుగా చేసి, ఇప్పుడు స్నేహితులు తలా ఒక చెయ్యి వేస్తే సొంతంగా సినిమా తీయబోతున్నాడట. చీరలు కొత్తవే కావాలి కానీ పాతవిగా కనిపించాలన్నాడు. మా మామ ఆ లెక్క అర్థం కాక అతణ్ణి నా దగ్గరికి పంపాడు. అతను చీరలు చూడలేదు. నా పక్కన వేలాడుతున్న జాకెట్లకు పిన్ను పెట్టి ఉన్న చీటీలు చూశాడు. ఎవరి జాకెట్టు, ఏ చీర మీదిది, చంకలో ఎంత వదలాలి, మెడ వెనక ఎంత దించాలి, అన్నీ చిన్న చీటీలో రాసి తగిలించడం నాకు అలవాటు.

“ఈ చీటీలు ఎవరక్కా రాస్తాండేది?”

“నేనే.”

“యాడిదాకా సదువుకున్నావు?”

“మా అమ్మ దాకా,” అన్నాను.

అతను పకపకా నవ్వి, “మా సినిమాకు నీ మాదిరి మనిషే కావాలక్కా,” అన్నాడు. ఇక నుంచి అతన్ని డైరెక్టరనే అంటాను. అప్పట్లో మా మామ మాత్రం వెనక నుంచి “ఆ పిల్లోడు” అనేవాడు.

సినిమాను మొదటి నుంచి చివరిదాకా వరసగా తీస్తారనుకున్నాను. కాదట. కోడలు గడప దాటడం ఈ వారం తీస్తే, ఆ అడుగు వీధిలో పడటం వచ్చే వారం తీస్తారు. తెర మీద అది ఒకే అడుగు. ఆ మధ్యలో కుచ్చిళ్లు మారకూడదు, బొట్టు పక్కకు జరగకూడదు, ఒక గాజు ఎక్కువా తక్కువా కాకూడదు. దీన్ని కంటిన్యుటీ అంటారు. అది చూసుకోవడం నా పని. అందుకోసం నా చేతికి ఆ కెమెరా ఇచ్చారు. ఫోనులో తీస్తే వెయ్యి ఫోటోల్లో వెతుక్కోవడానికే పూట పడుతుంది. ఇదైతే నొక్కగానే నాలుక చాపినట్టు ఫోటో బయటికి వస్తుంది. వెనక చీటీ అంటించి, తీసినాటి బట్టలకే పిన్ను పెట్టేయవచ్చు.

“ప్యాకెట్టుకు పదే ఉంటాయక్కా. సీనుకు ఒక్కటే తీయి. ఏది ముఖ్యమో నువ్వే ఆలోచించుకోని తీయి,” అన్నాడు డైరెక్టరు.

కెమెరా ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. మొదటి ఫోటో దేవుడి పటానిదే తీయాలని పట్టుబట్టింది. కాదనలేకపోయాను. మర్నాడు డైరెక్టరు కెమెరా తిప్పి చూసి, “ఏందక్కా, తొమ్మిదే చూపిస్తాంది?” అన్నాడు. జరిగింది చెప్పాను. తలకాయ పట్టుకుని, “సరేలే, మన సినిమాకు మొదటి వేషం ఆయనదే,” అన్నాడు. అలాంటి మనిషి దగ్గర పని చేయడం నా భాగ్యం.

ప్రొద్దుటూరులో ఇంటి సీన్లు తీసిన పన్నెండు రోజులూ నాకు పండగలానే గడిచాయి. మధ్యాహ్నం అందరం వరండాలో బారుగా కూర్చుని బొరుగుల ఉగ్గాని తినేవాళ్లం. ఎండలో తీస్తే ఫోటో పసుపెక్కేది. నా నీడలోనే తీసి, కొంగు కింద దాచి, రంగు తేలేదాకా కోడి గుడ్డును పొదిగినట్టు కాచుకునేదాన్ని. తప్పులూ చేశాను. ఒక శుక్రవారం పొద్దున లేస్తూనే మల్లెపూలు కట్టించుకుని పోయి, వేషాలు వేసే ఆడవాళ్లందరి తలల్లో తురిమేశాను. శుక్రవారం పూలు లేకుండా ఆడవాళ్లు గుమ్మంలో నిలబడితే నా ప్రాణం ఒప్పుకోదు. సగం షాటు అయ్యాక డైరెక్టరు కెమెరా ఆపించాడు.

“అక్కా, పూలు యాడియి?”

“శుక్రవారం కదా.”

“మనకు శుక్రవారమే. సినిమాలో ఇంగా బేస్తవారమే!”

ఆ మాట ఆ తర్వాత మా అందరికీ ఊతపదమైంది. ఎవరు ఏం మరిచిపోయినా, “ఇంగా బేస్తవారమేలే,” అనేవాళ్లు. ఆ రోజు నవ్వాను కానీ ఆ మాటను పూర్తిగా ఒంటబట్టించుకోలేదని తర్వాత తెలిసింది.

ఇక ఫోటోల్లోని పెద్దాయన. జమ్మలమడుగు దగ్గర పల్లె. గొర్రెలు, మేకలు మేపుకునే ఇల్లు. ఇప్పుడు కొంచెం సేద్యం కూడా ఉంది. వయసులో పద్యనాటకాలు ఆడాడు. ఆ నాటకాల్లో ఎవరి వేషానికి వాళ్లే డబ్బు పెట్టుకోవాలట. పెద్ద వేషానికి పెద్ద మొత్తం.

“రాజు వేషం దుడ్లున్నోళ్లకే తల్లీ,” అని మొదటిరోజే నాతో చెప్పాడు. “నేను ముప్పై ఏండ్లు మంత్రినే. రాజు పద్యం పాడతాంటే పక్కన నిలబడుకోని తల ఊపేది. దుడ్లు అడగకుండా నాకు వేషమిచ్చినోడు ఈ పిల్లోడొక్కడే.”

“తల ఊపేదే అలవాటయిపాయె. ఇంట్లో గూడా నేనేం చెప్పినా తల ఊపుతాడు, చేసేది మాత్రం లేదు,” అంది ఆయన భార్య. ఆయన ఎక్కడికి వచ్చినా ఆమె వెంట వచ్చేది. మా అందరికీ ఆమె పెద్దమ్మ.

సినిమాలో ఆయనకు ఉన్నది ఒకే సీను. చీనీ తోటలో బోరు ఎండుతూ ఉంటుంది. తోట అమ్మేద్దామని కొడుకు వచ్చి వాదిస్తాడు. తండ్రి మొదట నోరెత్తకుండా వింటాడు, తర్వాత నాలుగు మాటలు చెబుతాడు. ఆ నాలుగు మాటల మీదే సినిమా నిలబడి ఉందని డైరెక్టరు మాకందరికీ చెప్పేవాడు. పెద్దాయనకైతే అది జీవితమంతా ఎదురుచూసిన వేషం. “నాలుగు మాటలకు నెలనాళ్లుగా అద్దం ముందర నిలబడుకోనుండాడు. మేకలు దారి తప్పినా చూసేవాడు లేడు,” అని పెద్దమ్మ దెప్పేది. దెప్పుతూనే ఆయన తువ్వాలును తనే ఉతికి మడతపెట్టి తెచ్చేది.

పులివెందుల దగ్గర ఒక రైతు తన చీనీ తోట ఇచ్చాడు. కొమ్మలు వంగేలా కాయలున్నాయి. మొదటి రోజు కొడుకు మాట్లాడే భాగం తీశారు. పెద్దాయన వినాలి, అంతే. ముప్పై ఏళ్లు మంత్రిగా విన్నవాడు కదా, ఎంత బాగా విన్నాడో చెప్పలేను. కొడుకు ఒక్కొక్క మాట అంటుంటే ఆయన కళ్లు చెట్టు నుంచి చెట్టుకు పోయేవి. చివర భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, పక్కనున్న నీళ్ల తొట్టి వైపు తిరిగాడు. అప్పుడే మబ్బు కమ్మి వెలుతురు పోయింది. డైరెక్టరు ఆపమన్నాడు. ఆయన తిరిగినచోటే నిలబెట్టి నేను నా ఒక్క ఫోటో తీసుకున్నాను. అదే మొదటి ఫోటో.

మిగిలిన సగం మర్నాడు తీయడానికి లేదు. కొడుకు వేషం వేసే అతను ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మళ్లీ సెలవు నాలుగు రోజులకు గానీ దొరకదు. ఐదో రోజుకల్లా తోట కాయలు కోసేస్తారు, లారీ మాట్లాడేశారు. అంటే ఉన్నది ఆ ఒక్క రోజే.

సామాన్లతో టెంపో నిండిపోయింది. పెద్దాయన, పెద్దమ్మ, నేను ఆర్టీసీ బస్సులో బయలుదేరాం. పెద్దమ్మ కిటికీ పక్కన కునుకు తీస్తోంది. రంగు తేలిన ఫోటో నా ఒళ్లో ఉంది. పెద్దాయన దాన్ని చూసి చూసి, మెల్లగా అన్నాడు.

“తల్లీ, నువ్వు పూజలూ నామాలూ తెలిసినదానివి. ఒక మాట చెప్పు.”

“అడగండి పెద్దాయనా.”

“వేషం దొరికితే తలనీలాలిస్తానని మా ఇంటి దేవునికి మొక్కుకోనుండా. మీసంతో సహా. కెమెరా ముందర నిలబడితిని కదా. ఇప్పుడే తీర్చాల్నా, ఆగాల్నా?”

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దేవుడి మాట వచ్చేసరికి నాకు మిగతా ప్రపంచం వినపడదు. “ఆగకూడదు పెద్దాయనా. ఆయన ఆలస్యం చేయకుండా ఇచ్చాడు కదా, మనం ఎందుకు చేయాలి?” అన్నాను. పైగా నా కుట్టు సంచిలోంచి పసుపు గుడ్డ ముక్క తీసి, ముడుపు కట్టుకోమని ఇచ్చాను. ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. నెరిసిన జుట్టుతో, ఆ మీసంతో ఆయన ఫోటో నా ఒళ్లోనే ఉంది. ఆ జుట్టూ ఆ మీసమూ మళ్లీ కనపడేలా చూడటమే నా ఉద్యోగమని ఆ పూట నాకు తట్టనే లేదు.

నాలుగో రోజు పొద్దున తోటలో కెమెరా పెట్టుకుని ఎదురుచూస్తున్నాం. తోట గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు పెద్దమ్మ దిగింది. వెనక పెద్దాయన. గుండు మీద గంధం ఎండలో మెరుస్తోంది. ముక్కు కింద నున్నగా, పసిపిల్లాడి మూతిలా ఉంది. చేతిలో ప్రసాదం పొట్లం. మొహమంతా సంతోషం. నేరుగా డైరెక్టరు దగ్గరికి వచ్చి, “తీసుకోప్పా, మొక్కు తీర్చుకోనొచ్చినా,” అని చేతిలో ప్రసాదం పెట్టాడు.

డైరెక్టరు దాన్ని కళ్లకద్దుకుని, నోట్లో వేసుకుని, అట్లాగే డ్రిప్పు పైపు మీద కూలబడ్డాడు.

“ఏందప్పా ఇది,” అన్నాడు. “మీసం ఏది?”

“దేవునికిచ్చినా.”

“మరి సీను?”

“దానికేముందప్పా. నాటకాల్లో మీసం ఎప్పుడూ అంటిచ్చేదే కదా. అసలు మీసమున్నా గూడా దాని మీద ఇంగోటి అంటిస్తాండ్రి. ఈడ గూడా అంటిస్తారనుకుంటి.”

మేకప్ పెట్టెలో ఉన్నది ఒకే ఒక మీసం, పోలీసు వేషానికి తెచ్చిన సన్నటి నల్ల మీసం. జుట్టు అసలే లేదు. కెమెరామన్ డైరెక్టరును పక్కకు తీసుకుపోయాడు. పక్కకు అన్నమాటే గానీ అందరికీ వినపడుతూనే ఉంది.

“ఈ సీను తీసేద్దాం. తండ్రి పోయినాడనుకుందాం. పటానికి దండేసి, కొడుకు పటంతో మాట్లాడినట్టు తీస్తే సరిపోతాది.”

పెద్దాయన ప్రసాదం పొట్లం రెండు చేతులా పట్టుకుని వింటున్నాడు. “అంటే నన్ను సంపేస్తాండారా?” అన్నాడు.

“ముప్పై ఏండ్లు మంత్రి. ఇప్పుడు పటం,” అంది పెద్దమ్మ. ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు.

దగ్గరికి వెళ్లి చెప్పేశాను. “ఆయన నన్నడిగే ఇచ్చాడు. ఆగకూడదని చెప్పింది నేనే. ముడుపు గుడ్డ కూడా నాదే.”

డైరెక్టరు తలెత్తి చూశాడు. “నువ్వాక్కా? ఎవురి జడలో పువ్వు జరిగినా పట్టుకునే నువ్వా?”

“ఆ పూట నాకు సినిమా గుర్తుకు రాలేదు.”

కోప్పడి ఉంటే బాగుండేది. అతను అరిచే మనిషి కాదు. ముఖం తిప్పుకుని చీనీ చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చెట్ల మీది కాయలు మర్నాటికి ఉండవు.

మా మేనేజరుకు ఒక ఉపాయం తోచింది. “ఆ గుడికాడ జుట్టంతా మూటలు కట్టి పెట్టింటారు. బండేసుకోని పోయి, బతిమాలుకోని, ఓ గుప్పెడు తెస్తా. పెద్దాయనదే దొరికితే మరీ మంచిది.”

“వద్దు,” అన్నాడు పెద్దాయన.

“తెచ్చి, షాటైనాక మళ్లా ఇచ్చేద్దాం పెద్దాయనా. అప్పు మాదిరి.”

“వద్దప్పా. ఇచ్చింది ఇచ్చినా. మళ్లా చెయ్యి సాపేదానికి నాకు ముఖం ల్యా. వేషం పోతే పోనీ. నిలబడేదన్నా నిలబడితిని.”

ఆ క్షణాన ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఇంత అని చెప్పలేను. ఆ వేషం ఆయనకు ఎంత కావాలో నాకు తెలుసు, అయినా వదులుకుంటున్నాడు. నేను చెట్టు చాటుకు పోయి, కళ్లు మూసుకుని, నా దేవుణ్ణి తలుచుకున్నాను. వరమేమీ అడగలేదు. నా తెలివితక్కువకు ఆయన్ని పటం చేయవద్దని మాత్రం చెప్పుకున్నాను. కళ్లు తెరిచి, సంచిలోంచి ఫోటో తీసి చూశాను.

అంతవరకు ఆ ఫోటోలో నేను జుట్టూ మీసమే చూశాను. ఇప్పుడు చేతిలోని తువ్వాలు చూశాను. ఆయన తొట్టి వైపు తిరిగి ఉన్నాడు, తువ్వాలు నీళ్ల మీదికి వేలాడుతోంది. ఆయన వెనక, చెట్ల మధ్య, మసకగా తోట మనిషి ఒకతను కనబడుతున్నాడు. అతని తలకు తడి తువ్వాలు చుట్టి ఉంది.

తలెత్తి చూస్తే తోటలో పని చేస్తున్న మగవాళ్లందరిదీ అదే వాలకం. ఎండ ముదిరితే తువ్వాలు తొట్టిలో ముంచి, పిండి, తలకు చుట్టుకుంటారు. మా వైపు రోజూ చూసేదే. రోజూ చూసేది కాబట్టే ఎవరికీ తోచలేదు.

పరుగులాంటి నడకతో వెళ్లి డైరెక్టరుకు ఫోటో చూపించాను. “ఇక్కడ ఆగింది కదా. తర్వాత ఉత్త చేతులే చూపించండి. చేతులు తువ్వాలు ముంచుతాయి, పిండుతాయి. ఆ తర్వాత మనిషి లేచేసరికి తలపాగా ఉంటుంది.”

అతను ఫోటో వైపు, తోట మనుషుల వైపు, నా వైపు చూశాడు. “జుట్టుకు సరిపోయింది,” అన్నాడు లేచి నిలబడుతూ. “మీసం?”

దానికి పెద్దమ్మ జవాబిచ్చింది. “మీసానిదేముంది నాయనా. మేకలకు లేనివా? ఈయన మీసానికీ మా పోతు గడ్డానికీ పెద్ద తేడా ఎప్పుడూ ల్యా.”

తోట కంచె అవతల బీడులో ఎవరిదో మంద మేస్తోంది. నా కుట్టు సంచిలోంచి కత్తెర తీసుకుని ఆమె బయలుదేరింది. నేనూ వెనకే పోయాను. మేకల కాపరి మమ్మల్ని అనుమానంగా చూశాడు.

“ఏమప్పా, నీ పోతు గడ్డం కొంచెం ఇస్తావా?”

“ఎందుకమ్మా?”

“మా ఆయనకు మీసం ల్యా.”

అతను పోతును దగ్గరికి లాక్కున్నాడు. “మా పోతుకు మందలో మర్యాద ఉండాది కదమ్మా. గడ్డం తీసేస్తే మేకలు మాట ఇంటాయా?”

“మా ఆయనకు మీసమున్నప్పుడు నేనిన్నానా? తే ఇట్ల.”

సగం గడ్డానికి ఒప్పందమైంది. నెరిసినట్టు తెలుపూ నలుపూ కలిసిన వెంట్రుకలు. పోతు నుదుటి మీద చెయ్యి పెట్టి మనసులోనే దండం పెట్టుకున్నాను. అది నా వైపు చూడను కూడా చూడలేదు.

చెట్టు కింద కూర్చుని, పల్చటి నెట్టు గుడ్డ ముక్క మీద ఆ వెంట్రుకలు నాలుగైదు చొప్పున సూదితో దూర్చి ముడివేశాను. ఫోటోను మోకాలికి ఆనించి పెట్టుకున్నాను. కుడి కొస ఎడమ దానికంటే కొంచెం కిందికి దిగి ఉంది. నడుమ సన్నటి పాయ. జాకెట్టుకు నూలు కొలత చూసే కళ్లు కదా, ఆ తేడాలన్నీ పట్టుకున్నాయి. గంటన్నర పట్టింది. ఒక్కరూ తొందరపెట్టలేదు. గమ్ముతో అంటిస్తుంటే పెద్దాయన కళ్లు మూసుకుని గాలి పీల్చాడు.

“వాసన వస్తోందా పెద్దాయనా?”

“పుట్టినప్పట్నుంచీ పీలుస్తాండేదే తల్లీ. ఇప్పుడే నిమ్మళంగా ఉండాది.”

ప్యాకెట్టులో ఒక్క ఫోటోనే మిగిలింది. తడి తువ్వాలు చుట్టి నిలబెట్టి తీశాను. కొంగు కింద రంగు తేలాక రెండింటినీ పక్కపక్కన పెట్టి డైరెక్టరుకు చూపించాను. మార్చి మార్చి చూసి, “రెండూ బేస్తవారమే,” అన్నాడు.

చేతుల షాటు తీశారు. తర్వాత పెద్దాయన లేచి నిలబడి మాట్లాడాలి. మొదలైంది. తలపాగాలోంచి నీళ్లు నుదుటి మీదుగా, బుగ్గల మీదుగా కారుతున్నాయి. తడి తువ్వాలు చుట్టమని చెప్పిన నాకు, గమ్ము తడిస్తే ఏమవుతుందో తోచనేలేదు. ఆయన రెండు మాటలు చెప్పాడు. మూడో మాట మొదలుపెట్టేసరికి మీసం కుడి కొస మెల్లగా లేస్తోంది. పక్కన పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా.

పెద్దాయనకు తెలిసింది. ముప్పై ఏళ్ల నాటకాల్లో ఎన్ని మీసాలు ఊడలేదు! మాట ఆపలేదు. చూపు కొడుకు మీంచి తీయలేదు. చెయ్యి నిదానంగా ఎత్తి, కుడి మీసాన్ని రెండు వేళ్లతో నొక్కి దువ్వి, అట్లాగే పట్టుకుని చివరి మాట అన్నాడు.

“ఈ చెట్లకు నేను నీళ్లు పెట్టినానని అనుకుంటాండావు. కాదురా. ఇన్నేండ్లూ ఇవే నాకు పెట్టినాయి.”

డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు. కాయలు లెక్కేస్తున్న తోట రైతు కూడా లెక్క వదిలేసి నిలబడ్డాడు. చివరికి పెద్దాయనే, మీసం పట్టుకున్న చెయ్యి తీయకుండా, “అయిందాప్పా? వదిలేయొచ్చా?” అని అడిగాడు.

మళ్లీ తీయలేదు. తీయవలసిన పని లేకపోయింది.

ఆ సాయంత్రం రెండు ఫోటోలూ ఆయనకే ఇవ్వబోయాను. “నీకాడే ఉండనీ తల్లీ,” అన్నాడు. “నాకిస్తే ఈమె ఊరంతా తిప్పి మేక కథ చెప్తాది.” ఫోటోలు లేకపోయినా ఆమె చెప్పిందనుకోండి. ఊడిన మీసం మాత్రం జాగ్రత్తగా తీసి, నేనిచ్చిన పసుపు గుడ్డలోనే చుట్టుకుని తీసుకుపోయాడు. ముడుపు విప్పి దేవుడికిచ్చేశాక గుడ్డ ఆయన దగ్గరే ఉండిపోయిందట.

సినిమా మా ఊళ్లో ఒకే హాల్లో, పగటి ఆటలు మాత్రమే, వారం ఆడింది. మొదటిరోజు మా అమ్మను తీసుకుపోయాను. పెద్దాయన, పెద్దమ్మ మా వరసలోనే కూర్చున్నారు. ఆయనకు మళ్లీ మీసం వచ్చింది, కాకపోతే ఇంకా బుగ్గల దాకా పాకలేదు. చీనీ తోట వచ్చింది. చేతులు తువ్వాలును ముంచాయి, పిండాయి. తలపాగాతో మనిషి లేచాడు. ఎవరూ ఏమీ కనిపెట్టలేదు. ఆయన చెయ్యి మీసం మీదికి పోగానే ముందు బెంచీల్లోంచి ఈలలు, చప్పట్లు. ఆ చెయ్యి పౌరుషంతో లేచిందనుకున్నారు.

పెద్దాయన తెర వైపే చూస్తూ, పాత అలవాటు చొప్పున మెల్లగా తల ఊపుతున్నాడు. మా అమ్మ చేతులు జోడించింది. పెద్దమ్మ ఆగలేకపోయింది. లేచి నిలబడి, తెరకేసి వేలు చూపించి, హాలంతా వినపడేలా అరిచింది.

“అయ్యో, ఆ మీసం మేకదప్పా! మాటలు మాత్రం మా ఆయనవే!”